ఎడమ చేతి కత్తిపీట

ఇది ఒక ఇతిహాసం. ఇందులో నిప్పు ఉంది, ఇనుము ఉంది, ముప్పై ఏళ్లుగా ఒక ఇల్లాలికి జరుగుతూ వచ్చిన అన్యాయం ఉంది, దాన్ని సరిదిద్దడానికి నడుం బిగించిన కొడుకు ఉన్నాడు. దేశంలోని గోతులన్నీ చూసివచ్చిన ఉక్కు ఉంది. చివరికి వచ్చేసరికి మీ కళ్లు చెమరుస్తాయి.

అంత లేదు. మా అమ్మకి కత్తిపీట చేయించాను. అందుకోసం నాంపల్లిలో ఒక లోహార్, అంటే కమ్మరి, కొట్టుకి ఏడుసార్లు తిరిగాను. మధ్యలో కళ్లు చెమర్చిన మాట నిజమే కానీ, అప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాను.

అమ్మది కర్రీ పాయింట్. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో ఒక మల్గీ, అంటే షట్టరు ఉన్న ఒక్క గది. మేముండేది దాని పై అంతస్తులో. అన్నం ఎవరి గదిలో వాళ్లు వండుకుని కూరలు మా దగ్గర కొనుక్కుపోతారు. హాస్టళ్లలో ఉండి ఉద్యోగాల పరీక్షలకి చదివే కుర్రాళ్లు, కోర్టు గుమాస్తాలు, అబిడ్స్ బట్టల షాపుల్లో పొద్దంతా నిలబడి కాళ్లు వాచిన సేల్స్ అమ్మాయిలు. పప్పు, సాంబారు, రెండు వేపుళ్లు, ఒక పులుసు. నాన్న వాటిని కవర్లలో పోసి రబ్బరు బ్యాండు వేస్తారు. ఆయన వేసిన రబ్బరు బ్యాండు విప్పడం కన్నా గ్రూపు పరీక్ష పాసవడం తేలిక అని హాస్టల్ కుర్రాళ్లు అంటుంటారు. వాళ్లలో రెండోది ఎవరూ చేసి చూపించలేదు కాబట్టి ఆ పోలిక సరైనదో కాదో తెలియదు.

తరగడం మాత్రం అమ్మ ఒక్కతే. తెల్లవారి ఐదింటికి కత్తిపీట ముందు కూర్చుంటే ఎనిమిదింటికి గానీ లేవదు. కత్తిపీట చూడనివాళ్లు ఉంటారని కాదు, చూసి చాలాకాలమైనవాళ్లు ఉంటారని చెబుతున్నాను. ఒక బరువైన చెక్క. దాని ఒక చివర నిలబెట్టిన వంకర కత్తి, కొంగ మెడ వంచి వెనక్కి చూస్తున్నట్టు. ఒక కాలు చెక్క మీద వేసి అదిమిపట్టి, కూరగాయని రెండు చేతులతో కత్తి కడుపులోకి తోయాలి. ఇక్కడ కత్తి కదలదు, కూరగాయ కదులుతుంది. మనిషి అసలే కదలడు.

ఆ కత్తిపీట మా నాయనమ్మది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో తాతని గుమాస్తాగా కర్నూలు నుంచి ఇక్కడికి బదిలీ చేస్తే, ఆవిడ రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చిందట. పక్క సీటు దారంతా ఖాళీగానే ఉందట. అమ్మది గౌలిగూడ. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక, నాయనమ్మ ఆమెని ఆ కత్తిపీట ముందు కూర్చోబెట్టి, ఏ కాలు ఎక్కడ వేయాలో, ఏ చెయ్యి ఎక్కడుండాలో చూపించింది. అమ్మ అలాగే కూర్చుంది. ముప్పై ఏళ్లు కూర్చుంది.

మొన్నటి ఎండాకాలం మొదట్లో అమ్మ మణికట్టు వాచింది. ఎడమ చెయ్యి. గరిటె పట్టుకుంటే జారిపోయేది. గ్లాసు పట్టుకుంటే టీ ఒలికేది. దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి, నరం కాదు, ఎముక కాదు, కండని ఎముకకి అతికించే పట్టీ వాచిందంది.

"ఈ చేత్తో బలం పెట్టి చేసే పని ఏమన్నా ఉందా?" అని అడిగింది.

"ఏం లేదు మేడం," అంది అమ్మ. "కూరగాయలు కోస్తా."

"ఎన్ని?"

"ఇరవై కిలోలు."

"నెలకా?"

"రోజు పొద్దుగాల."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. మూడు వారాలు ఆ చేత్తో ఏ పనీ చేయొద్దంది. తర్వాత కూడా బలం పెట్టకూడదని, తగ్గకపోతే ఆపరేషన్ దాకా పోతుందని చెప్పింది. 'బలం పెట్టకూడదు' అనే మాట ఆమె రెండుసార్లు అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

అదే వారంలో మల్గీ యజమాని వచ్చాడు. అగ్రిమెంటు అయిపోవస్తోంది, మళ్లీ రాయాలా వద్దా నెలాఖరుకి చెప్పమన్నాడు. పక్కన సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్లు ఈ గది కూడా అడుగుతున్నారట. అమ్మ కట్టు కట్టిన చెయ్యి కొంగు కింద దాచుకుని, చెప్తానంది. ఆయన వెళ్లాక మెట్ల మీద కూర్చుని చాలాసేపు గిన్నెల వైపు చూసింది.

"ఇచ్చేద్దాంలే," అంది చివరికి. "ఎవడన్న ఫోన్ కవర్లు అమ్ముకుంటడు. గవి కొయ్యాల్సిన పని లేదు."

ఆమె ఈ మాట నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నాన్న మాత్రం లేచి, ఎవరూ అడగకుండానే రబ్బరు బ్యాండ్ల డబ్బా సర్దడం మొదలుపెట్టారు. ఆ కర్రీ పాయింట్ ఆమె పెట్టింది. నాన్న కంపెనీ మూతపడిన ఏడాది, ఇంట్లో ఉన్న నాలుగు గిన్నెలతో, ఎవరి సలహా వినకుండా పెట్టింది. దాన్ని ఫోన్ కవర్లకి వదిలేస్తే ఆమె పొద్దున్నే ఐదింటికి లేచి ఏం చేస్తుందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

కాబట్టి ఆ మూడు వారాలూ తరిగే బాధ్యత నాది. నేను అబిడ్స్‌లో కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. నా చేతికి అలవాటైన అతి పెద్ద బరువు ఒక ఫ్రేము. మొదటి రోజు నేను తరిగిన బెండకాయల్లో ఒకే సైజువి రెండు దొరికాయి, అవి కూడా తరగకుండా మిగిలిపోయినవి. ఒక హాస్టల్ కుర్రాడు కవరు ఎండకి పట్టి చూసి అడిగాడు.

"అన్నా, సాంబార్ల ఇది ముక్కనా, మునక్కాయ చెట్టా?"

"స్పెషల్. ఒక్క ముక్క ఇద్దరు తినొచ్చు."

"ఆంటీకి ఎప్పుడు నయమైతది అన్నా?" అన్నాడు వాడు. అందులో ఆప్యాయత ఎంతో, ఆకలి ఎంతో వాడికే తెలియాలి.

నాలుగో రోజు నాకు జ్ఞానోదయం అయింది. వంకాయ తరగడం ఎలాగో చూపిద్దామని అమ్మ కట్టు విప్పి పక్కన కూర్చుంది. అప్పుడు చూశాను. ఆమె ఎడమ చేతి వాటం మనిషి. అది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు, ఆ చేత్తోనే ఒకటి రెండు తగిలాయి కూడా. కానీ కత్తిపీట ముందు మాత్రం ఆమె కుడి చేతి వాటం మనిషిలా కూర్చుంటుంది. ఆ కత్తి రెండు వైపులా ఒకలాగ ఉండదు. ఒక వైపు చదును, ఇంకో వైపు అంచు దగ్గర వాలుగా అరగదీసి ఉంటుంది. ముక్క ఆ వాలు వైపు పడుతుంది. నాయనమ్మ కుడి చేతి మనిషి, ఆమె చేతికి తగ్గట్టు వాలు తీయించుకుంది. అమ్మ ఆ కత్తి దగ్గర కూర్చుని ఎడమ మణికట్టుని లోపలికి మెలిపెట్టి తోస్తోంది.

"అమ్మా, ఈ కత్తి నీకోసం చేసింది కాదు!" అన్నాను.

"మీ నాయనమ్మ కోసం చేసింది."

"అది కాదు. నీది ఎడమ చెయ్యి. ఇది కుడి చేతి కత్తి. ముప్పై ఏళ్లుగా నువ్వు తప్పు కత్తితో తరుగుతున్నావు. అందుకే నీ చెయ్యి పోయింది. ఇది అన్యాయం."

అమ్మ వంకాయ పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"అయితే?"

"అయితే ఏంటి? ఎడమ చేతి కత్తిపీట చేయిద్దాం. నీ కొలతలతో. నీ చేతికి."

"నీకు షాపుకు టైం అయితలేదా?"

"ఎందుకొచ్చిన గొడవరా," అన్నారు నాన్న లోపల్నుంచి. ప్రపంచంలో ఏం జరిగినా ఆయన అనే మాట అదే. చాలాసార్లు ఆయనే కరెక్టు కూడా. కానీ నాకు ఎత్తిన జెండా దించడం రాదు. బేగం బజార్‌లో అడిగితే స్టీలు కత్తిపీటలు చూపించారు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కుడి చేతివే. ఎడమది కావాలంటే, "ఎడమ కాలికి చెప్పు అడుగుతున్నవా, కత్తి అడుగుతున్నవా?" అన్నాడు షాపాయన. చివరికి షాపులో నాతో పనిచేసే ఒకతను లోహార్ చాచా గురించి చెప్పాడు.

ఆయన కొట్టు మా ఇంటికి పది నిమిషాల నడక. నాంపల్లిలోనే, దర్జీలూ తాళాలు చేసేవాళ్లూ ఉండే ఒక సందు చివర. ఇన్నేళ్లూ ఆ సందు ముందు నుంచే వెళ్లాను, ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. రేకుల కప్పు, నేలలో తవ్విన కొలిమి, దాని పక్కన ఇనుము పెట్టి కొట్టే, నున్నగా అరిగిన దాగలి. చాచాకి అరవై దాటి ఉంటాయి. కనుబొమల వెంట్రుకలు సగం కాలిపోయి ఉన్నాయి. పాత కత్తి పీకి పట్టుకెళ్లి చూపించాను. ఆయన దాన్ని గోటి మీద ఒకసారి గీసి, అరచేతిలో తిప్పాడు.

"ధార్ పోయింది బేటా, మొద్దైంది. గంతే. అరగదీసి ఇస్త, పది మినిట్ల పని."

"వద్దు చాచా. కొత్తది కావాలి. ఎడమ చేతి వాటానికి."

"ఎందుకు? ఇంకా రెండు మూడేండ్లు నడుస్తది గిది."

నేను ఆయనకి ముప్పై ఏళ్ల అన్యాయం గురించి చెప్పాను. మణికట్టు గురించి చెప్పాను. ఎడమ చేతి వాళ్ల పట్ల సమాజం ఎలా ఉందో కూడా కొంచెం చెప్పాను. ఆయన మధ్యలో బీడీ వెలిగించుకున్నాడు. అది అయిపోయేసరికి నేనూ అయిపోయాను.

"సరే," అన్నాడు. "ఎడమ, కుడి నా దిమాగ్‌ల ఉండదు. రోజుకి పది మంది వస్తరు. అమ్మ చేతికి తగ్గట్టు కాయితం మీద గీసి, కత్తిరించి తీసుకరా. ఏ దిక్కు ధార్ కావాల్నో ఆ దిక్కు పైకి పెట్టి ఇయ్యి. పైన ఉన్న దిక్కే అరగదీస్త."

ఇంత తేలికైన నియమం ప్రపంచంలో ఇంకోటి ఉండదు. పైగా నా ఉద్యోగమే అది. రోజంతా లెన్సుల మీద ఇది కుడి కన్ను, ఇది ఎడమ కన్ను అని గుర్తులు పెట్టేవాణ్ని. ఆ రాత్రి అమ్మ చెయ్యి కొలిచాను. కూర్చున్నప్పుడు మోకాలి ఎత్తు, మోచేతి ఎత్తు కొలిచాను. పాత న్యూస్‌పేపరు మీద కత్తి బొమ్మ గీసి, కత్తిరించి, ధార్ రావలసిన వైపు పెద్ద అక్షరాలతో 'ఈ వైపు' అని రాశాను. అమ్మ చూసి, "ఇంత చదువు నువ్వు ఇంటర్ల చదివుంటే," అని ఆగింది. మిగతాది నాకు తెలుసని ఆమెకి తెలుసు.

మర్నాడు రెండోసారి వెళ్లి, రాత పైకి పెట్టి కాగితం ఇచ్చి వచ్చాను. మూడోసారి వెళ్తే కొట్టు మూసి ఉంది. శుక్రవారం. తాళాలు చేసే ఆయన, "జుమ్మా కదా, గీ రోజు రాడు," అన్నాడు. నలభై డిగ్రీల ఎండలో, మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్లిన మనిషికి ఆ సమాచారం ఎంత ఊరట ఇచ్చి ఉంటుందో ఊహించుకోండి.

నాలుగోసారి మాత్రం నాకు చూపించాల్సినవన్నీ ఆయన చూపించాడు. ఉక్కు ఎక్కడిదంటే, లారీ కమాన్ పట్టీ. చక్రాల మీద బరువు మోయడానికి ఒకదాని కింద ఒకటి పేర్చే వంకర పట్టీల్లో ఒకటి.

"కొత్త ఇనుము మెత్తగుంటది," అన్నాడు. "గిది లారీ కింద తన్నులు తిని తిని గట్టిపడ్డది. వంగుతది, మళ్ల నిలబడుతది. ఇరగదు."

"మా అమ్మలాగా," అన్నాను, సందర్భానికి తగ్గట్టు గొంతు కొంచెం బరువుగా చేసి.

"మీ అమ్మ చెయ్యి వాచింది అన్నవు గదా," అన్నాడు చాచా. "జర గా బ్లోయర్ తిప్పు."

కొలిమిలోకి గాలి కొట్టే బ్లోయర్ తిప్పాను. మోటారు కాలిపోయి నెలయిందట, అందుకే చేత్తో తిప్పేది. బొగ్గు ముందు నల్లగా అలిగి, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత పసుపుగా మారింది. పట్టీని పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టి కొట్టాడు. నేను అనుకున్నట్టు గట్టిగా కొట్టలేదు. ఒక దెబ్బ, చూపు, ఒక దెబ్బ, చూపు. వంపు రావాల్సిన చోట దాగలి కొమ్ము మీద ఆనించి, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు తట్టాడు. మెడ దగ్గర సన్నగా లాగాడు. కింద తోక వదిలాడు, చెక్కలోకి దిగే భాగం. చెక్క మాత్రం, నేను కత్తితో పాటు తెచ్చిన పాతదే ఉంచమన్నాడు. నల్ల తుమ్మ, రాయిలా ఉంది, దీనికి ఏమీ కాలేదు అన్నాడు. దాని మీద కాలు వేసే చోట గుంట పడి ఉంది. పాదం ఆకారంలో, మడమ దగ్గర ఎక్కువ లోతుగా.

"గిది ఎవరి కాలు?"

"నాయనమ్మది అయ్యుంటుంది," అన్నాను.

చాచా కత్తిని మళ్లీ కాల్చి, డబ్బాలో ఉన్న పాత ఇంజిన్ ఆయిల్లో ముంచాడు. బుస్సుమని పొగ లేచింది. కొట్టంతా పాత బస్టాండు వాసన. ముంచాక వెంటనే వాడితే గాజులా పగులుతుందట. కాబట్టి ఒక పక్క గరుకురాయితో రుద్ది, మంట మీద దూరంగా పట్టుకుని, రుద్దిన చోట రంగు చూస్తూ కూర్చున్నాడు. తెల్లగా ఉన్న ఇనుము మీద లేత పసుపు పాకింది, గడ్డి రంగు. "బస్," అని తీసేశాడు. ఆకురాయి పెట్టి గీసి చూపించాడు. ఆకురాయి జారిపోయింది, ఇనుముని పట్టలేదు. ఆ చిన్న శబ్దం విని ఆయన నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఆయన నవ్వింది ఆ ఒక్కసారే. నాకు మాత్రం చేతులు బొబ్బలెక్కాయి. పాత కత్తీ, చెక్కా అక్కడే వదిలి, కొత్తది వచ్చేదాకా ఇంట్లో చాకుతో తరిగాను.

అరగదీయడానికి కరెంటు కావాలి. అప్పుడు కరెంటు లేదు. ఐదోసారి వెళ్తే కరెంటు ఉంది, చాచా పెళ్లికి వెళ్లాడు. ఆరోసారి కత్తి చేతికిచ్చాడు, తోకని చెక్కలో దింపి పక్కన సన్నటి చెక్కముక్క కొట్టి బిగించి. నల్లటి ఒళ్లు, అంచున మాత్రం వెండి గీత. వంపు అమ్మ మోచేతి ఎత్తుకి సరిగ్గా సరిపోయింది. ఆ బరువుతో నడవలేక ఎక్కిన సిటీ బస్సులో అందరూ నాకు చోటిచ్చారు. మా నాయనమ్మ ప్రయాణం ఎంత సుఖంగా జరిగిందో అర్థమైంది.

అప్పటికి మూడు వారాలు అయిపోయాయి. నెలాఖరుకి నాలుగు రోజులుంది. మర్నాడు పొద్దున్న ఐదింటికి అమ్మ కట్టు విప్పి, చెయ్యి రెండుసార్లు ముడిచి తెరిచి, కత్తిపీట ముందు కూర్చుంది. నాన్న గుమ్మంలో నిలబడ్డారు. నేను ఒక చిన్న ఉపన్యాసం తయారు చేసుకుని నిలబడ్డాను.

ఆమె సొరకాయ తీసుకుంది. రెండు చేతులతో పట్టి కత్తి దగ్గరకి తెచ్చింది. తోయలేదు. కాయ దానంతట అదే లోపలికి పోయినట్టు అనిపించింది. ముక్క పడింది. ఇంకోటి. శబ్దం లేదు. ఇదివరకు సొరకాయ తరుగుతుంటే పక్క గదిలోకి వినిపించేది.

"ఏంది గిట్ల పోతుంది?" అంది అమ్మ.

నేను ముక్కల వైపు చూస్తున్నాను. ముక్కలు కుడి వైపు పడుతున్నాయి. పాత కత్తికి పడ్డట్టే. వంగి చూశాను. వాలు కుడి వైపే ఉంది. లోహార్ చాచా మా అమ్మకి ఇంకో కుడి చేతి కత్తిపీట చేసి పెట్టాడు.

ఉపన్యాసం వాయిదా పడింది. అమ్మకి ఆ సంగతి చెప్పకుండా, తెల్లారాక షాపుకి పోతున్నానని బయల్దేరి నేరుగా కొట్టుకి వెళ్లాను. ఏడోసారి.

"చాచా, తప్పు వైపు అరగదీశావు."

"పైన ఉన్న దిక్కే అరగదీసినా," అన్నాడు. లేచి, గోడ మీద గూట్లోంచి నేనిచ్చిన కాగితం తీశాడు. శుభ్రంగా, మడత పెట్టి ఉంది. విప్పి నా ముందు పెట్టాడు. పైకి ఉన్న వైపు ఒక నగల షాపు ప్రకటన. కత్తి కడుపు భాగంలో, పద్మంలో కూర్చున్న లక్ష్మీదేవి.

కాగితం తిప్పాను. వెనక వైపు, వార్తల మీద, పెద్ద అక్షరాలతో 'ఈ వైపు'.

"చాచా, ఇటు వైపు కదా రాశాను!"

"నీ అఖ్బార్‌కి రెండు దిక్కులా తెలుగు రాతే ఉన్నది. నాకు చదువుడు ఉర్దూనే వస్తది. ఏది నీ రాత, ఏది పేపరోళ్ల రాత, నాకేం ఎర్క?"

"నేను ఈ రాత పైకి పెట్టి ఇచ్చాను కదా?"

"ఇచ్చినవ్. నేను పట్టీ మీద పెడుతుంటే కింద మీ దేవి కనపడ్డది. పట్టీ అంత మసి, గ్రీజు. గా మసిల దేవి మొఖం పెడతానా బేటా? తిప్పి పెట్టినా. గీత గీసి, తీసి, మడిచి పైన పెట్టినా. ఎవరి దేవుడైతేంది, కాళ్ల కింద పడొద్దు గదా."

ఇంట్లో అన్ని పేపర్లు ఉండగా, నేను వెతికి వెతికి ఆ పేజీ ఎందుకు తీశానో తెలుసు. మిగతావాటి కన్నా దాని కాగితం మందంగా ఉంది.

చాచా కొలిమి వైపు తిరిగాడు. "మళ్ల చేస్త. కొత్త పట్టీ పెడత. నా గల్తీనే."

"నీది కాదు చాచా," అన్నాను. "నాదీ కాదు అనుకుందామని చూస్తున్నాను, కుదరట్లేదు."

బల్ల కింద నుంచి పాత కత్తి తీసి ఇచ్చాడు. నేను అక్కడే వదిలేసిన సంగతి మర్చిపోయాను. దాని అంచు కూడా తళతళలాడుతోంది.

"ఖాళీగున్నప్పుడు ధార్ పెట్టినా. మంచి ఇనుము, పడెయ్యకు. గిది గూడ తీసుకపో," అని లక్ష్మీదేవి కాగితం చేతిలో పెట్టాడు. "నేను పారెయ్యలేను."

ఇంటికొచ్చేసరికి అమ్మ ఇరవై కిలోలూ తరిగేసి కూర్చుని టీ తాగుతోంది. ఎడమ చేత్తో. గ్లాసులో టీ గ్లాసులోనే ఉంది. నేను ఆమె పక్కన కూలబడి మొత్తం చెప్పాను. దేవి సంగతి, మసి సంగతి, అరగదీసిన వైపు సంగతి. ఇది ఎడమ చేతి కత్తిపీట కాదని చెప్పాను.

"ఎర్కనే," అంది అమ్మ. "మొదటి ముక్క పడ్డప్పుడే ఎర్కైంది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు ఉపన్యాసం ఇస్తవేమోనని." టీ గుటకేసింది. "ముప్పై ఏండ్ల సంది గట్లనే కూసున్న. ఇప్పుడు దిక్కు మారిస్తే ఏలు తెగుతుండె. గా చెక్క మీద గుంట చూసినవా? మీ నాయనమ్మ నలభై ఏండ్లు ఇంట్లకే కోసింది, నేను ముప్పై ఏండ్లు, అండ్ల దుకాణానికి గూడ కోసిన. గందుల ఎక్కువ లోతు నాదే."

"చాచా మళ్లీ చేస్తానన్నాడు. ఎడమ వైపుది."

"ఎందుకు? దేవి మొఖం మసిల పెట్టకుండ చేసిన కత్తి. ఇదే ఉండనియ్యి."

"చెయ్యి ఎట్లుంది?"

ఆమె మణికట్టు తిప్పి చూసుకుంది. వాపు పూర్తిగా పోలేదు. సాయంత్రాలు ఇప్పటికీ కొంచెం లాగుతుందంటుంది.

"జర నొస్తుంది. కానీ ఇదివరకు లెక్క తొయ్యాల్సిన పని లేదు. తాకితే తెగుతుంది గదా."

నేను పాత కత్తి సంచిలోంచి తీశాను. ఆమె దాన్ని కాళ్ల మధ్య పట్టుకుని, ఒక ఉల్లిపాయ ఆనించింది. ఉల్లిపాయ రెండుగా విడిపోయింది. అదీ శబ్దం లేకుండానే. ఇద్దరం ఆ రెండు ముక్కల వైపు కాసేపు చూశాం. అదివరకు మా సందులోకి సైకిల్ మీద సాన పట్టే ఆయన ఒకడు వచ్చేవాడు. ఆయన రావడం మానేసి ఎన్నేళ్లయిందో మాకెవరికీ గుర్తు లేదు. అన్నేళ్లుగా ఆమె మొద్దు కత్తి మీద చేతి బలంతో తోస్తూ వచ్చింది. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. చాచా మొదటి రోజే, గోటి మీద గీసి చెప్పాడు. ఎడమ చేతి వాళ్ల చరిత్ర మొత్తం చెప్పింది నేను ఒక్కణ్నే.

"ఎందుకొచ్చిన గొడవరా," అన్నారు నాన్న.

మర్నాడు మల్గీ యజమాని వచ్చాడు. అమ్మ చెయ్యి కొంగు కింద దాచుకోలేదు. అగ్రిమెంటు రాయమంది. ఫోన్ కవర్లవాళ్లు ఇంకెక్కడో చూసుకుంటారులెమ్మంది. ఆయన పోతూ పోతూ సొరకాయ పులుసు పొట్లం ఒకటి తీసుకున్నాడు. ఇంటికెళ్లి దాని రబ్బరు బ్యాండు విప్పలేక ఫోన్ చేశాడట, నాన్న పొంగిపోయారు. లక్ష్మీదేవి కాగితం మాత్రం ఇప్పటికీ ఫ్రిజ్ పైన ఉంది. కత్తి ఆకారంలో ఉన్న దేవతని ఏం చేయాలో మా ఇంట్లోనూ ఎవరికీ తెలియదు.

కత్తిపీటకి రెండు నెలలకోసారి సాన పట్టించాలి. శుక్రవారం కొట్టు ఉండదు.